రెండో చీటీ

మాంట్రియల్‌కి ఉత్తరాన మా సాగ్నే లోయలో ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురుపడితే ముందు పేరు అడగరు, ఎవరి తాలూకని అడుగుతారు. మూడో మాటకల్లా ఇద్దరికీ ఒకే ముత్తాత తేలతాడు. ఒకప్పుడు అడవి నరకడానికి పడవల్లో వచ్చిన గుప్పెడు కుటుంబాలే ఇప్పుడు ఇంత జనమయ్యాయి మరి. ఆ ముత్తాతలు పొలాలతో పాటు కొన్ని జబ్బులు కూడా వాటాలు వేసి పోయారు. అందుకే ఇక్కడ పెళ్ళి మాట అనుకోగానే, చర్చిలో ఫాదరు గారి దగ్గరికి వెళ్ళేలోపే, ఇద్దరి బుగ్గల లోపలా పుల్లతో గీకి పరీక్షకు పంపడం ఆనవాయితీ అయిపోయింది.

మారిలూ, యానిక్ కూడా పంపించారు. యానిక్ లోయ ఎగువన ఉన్న పెద్ద సరస్సు వైపు కుర్రాడు. అతనిలో ఒక తప్పు దొరికింది. కాలేయానికి సంబంధించినది, ఆ వైపు వాళ్ళలో తరచూ కనబడేదే. మారిలూలో ఏమీ దొరకలేదు. పుట్టే బిడ్డకి జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు తప్పులు చేరాలి. ఒక్కటే అయితే ఏ బాధా లేదు. కాబట్టి నిశ్చింతగా పెళ్ళి చేసుకున్నారు. మారిలూ తల్లి యూగెట్ మాత్రం ఆ పరీక్ష ఫలితాన్ని పతకంలా మెడలో వేసుకు తిరిగినంత పని చేసింది. మా రక్తం వాగునీళ్ళలా ఉంటుంది, ఆ బ్లూబెర్రీలు తినే సరస్సు వాళ్ళ సంగతి నాకు తెలీదు అని వియ్యపురాలి ఎదుటే అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ఎమిల్ పుట్టాడు. మూడో నెలలో పిల్లవాడి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, ముక్కులోంచి రక్తం కారితే ఒక పట్టాన ఆగలేదు. ఇప్పుడు మాంట్రియల్‌లో పిల్లల ఆసుపత్రిలో ఉన్నాడు. కాలేయం పని మానేసింది. వేరే కాలేయం పెట్టాలి. కానీ అడగగానే పెట్టరు. జబ్బు కాలేయంలోని ఆ ఒక్క జన్యువుదే అయితే కొత్త కాలేయంతో పిల్లవాడు నిక్షేపంలా బతుకుతాడు. అలా కాక ఒంట్లో ప్రతి కణానికీ పట్టిన జబ్బయితే, కాలేయం మార్చినా కోత బాధ తప్ప వాడికి ఒరిగేది ఉండదు. రెంటిలో ఏదో తేలితే తప్ప, కాలేయం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పేరు ఎక్కించబోమని అక్కడి డాక్టర్లు చెప్పేశారు. శుక్రవారం నాలుగింటికి వాళ్ళ సమావేశం.

తేల్చవలసింది మా లోయలోని షికూటిమి పట్నంలో, కొండ మీది ఆసుపత్రి ల్యాబ్‌లో. అక్కడ ఆర్‌ఎన్‌ఏ బల్ల దగ్గర పని చేసేది ఫాబియెన్, మారిలూకి సొంత అక్క.

బంధువుల నమూనా ముట్టుకోకూడదని ఆ ల్యాబ్‌లో నియమం ఉంది. దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ల్యాబ్‌కి తాళం వేసుకోవడమే అని రొజేర్ అంటూ ఉంటాడు. రొజేర్ అక్కడ అందరికంటే పాతవాడు, యానిక్‌కి మేనమామ కొడుకు. వరస కలిపి ఫాబియెన్ అతన్ని బావా అని పిలుస్తుంది. చేతుల మీద చర్మం పొట్టులా రాలే జబ్బు వచ్చినప్పటి నుంచి అతను ఆర్‌ఎన్‌ఏ బల్ల వైపు రావడం మానేశాడు. ఇక మిగిలింది ల్యాబ్ పెద్ద, డాక్టర్ గోబెయ్. ఆయన చుక్కలు కొలిచే పిపెట్ పట్టుకుని ఏళ్ళయింది. పట్టుకుంటే అందరికీ భయం. అందుకని పని ఫాబియెన్ చెయ్యాలని, ఫలితం చదివేది గోబెయ్ అని ఒప్పందం కుదిరింది.

ఇంతకీ వాళ్ళు వెతుకుతున్నదేమిటో చెప్పకపోతే కథ నడవదు. ప్రతి కణం నడిబొడ్డున డీఎన్‌ఏ ఉంటుంది. మెలి తిరిగిన రెండు పేటల తాడు. దాని మీద రాతంతా నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. ఒక పేటలో ఏ ఉంటే ఎదుటి పేటలో టీ ఉంటుంది, జీ ఉంటే సీ. ఒక పేట చేతిలో ఉంటే రెండోది తప్పు లేకుండా రాసుకోవచ్చు. కణం రెండుగా చీలేటప్పుడు చేసే పని అదే. అయితే ఈ అసలు తాడు గడప దాటి బయటికి రాదు. ఏదైనా తయారు కావాలంటే, కావలసినంత మేరకు చూసి కణం ఒంటి పేట మీద ఒక చీటీ రాసి పంపుతుంది. ఆ చీటీయే ఆర్‌ఎన్‌ఏ. అందులో టీ బదులు యూ రాస్తుంది, మధ్యలో అక్కర్లేని భాగాలు కత్తిరించి మిగతావి అతికిస్తుంది. బయట ఆ చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ ప్రొటీన్ తయారవుతుంది. ప్రతి జన్యువుకీ తల్లి తాడు నుంచి ఒక చీటీ వస్తుంది, తండ్రి తాడు నుంచి ఒకటి వస్తుంది.

ఎమిల్ డీఎన్‌ఏలో తండ్రి ఇచ్చిన తప్పు ఉండనే ఉంది. తల్లి తాడులో తెలిసిన తప్పేదీ లేదు గానీ, ఇదివరకు ఎవరూ చూడని మార్పు ఒకటి ఉంది. అది కూడా కత్తిరించి పారేసే భాగంలో. అది హాని చెయ్యని పుట్టుమచ్చా, లేక కత్తెరను దారి తప్పించేదా? ఆ సంగతి డీఎన్‌ఏ చెప్పదు, చీటీ చూడాల్సిందే. ఆ చీటీని కాలేయం తప్ప ఒంట్లో ఇంకెవరూ రాయరు. పిల్లవాడి కాలేయం నుంచి సూదితో మెతుకంత ముక్క తీశారు. దానికే రక్తం ఆగక అందరి ప్రాణాలూ తోడేశాడు. మళ్ళీ తియ్యడం అసాధ్యం.

గురువారం ఫాబియెన్ ఆ మెతుకులోంచి ఆర్‌ఎన్‌ఏ తీసింది. ఉన్నదే కాస్త కాబట్టి పొదుపుగా, తల్లి మార్పు ఉన్న చోటికి అటూ ఇటూ మాత్రమే చదివించింది. శుక్రవారం ఉదయం గోబెయ్ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన మంచి వార్త ఎప్పుడూ నిలబెట్టే చెబుతాడు.

"శుభ్రంగా ఉందమ్మా," అన్నాడు. "అతుకు ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఒకే ఒక్క చీటీ, తప్పు లేనిది. మీ చెల్లెలిది ఉత్త మచ్చ."

శుభ్రం అన్న మాటకి లోకంలో ఎక్కడైనా సంతోషిస్తారు. ఆ గదిలో దాని అర్థం వేరు. ఎమిల్ జబ్బు ఆ జన్యువుది కాదని, వాడి పేరు జాబితాలోకి ఎక్కదని. నాలుగింటికి తనే ఫోన్లో మాంట్రియల్‌కి చెబుతానని, మిగిలిన ఆర్‌ఎన్‌ఏ చుక్క కూడా వాళ్ళకే పంపేస్తే ఒళ్ళంతా పట్టిన జబ్బేదో వాళ్ళు వెతుక్కుంటారని గోబెయ్ అన్నాడు. ఆయన గొంతు కూడా బాగా లేదు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు.

ఫాబియెన్ వరండాలోకి వచ్చింది. కింద నది మీద మంచు ఇంకా విరగలేదు. జేబులో ఫోన్ మోగింది, తల్లి. డాక్టరు చెప్పేదాకా ఇంట్లో వాళ్ళకి ఏమీ చెప్పకూడదు. ఫాబియెన్ ఏమీ చెప్పలేదు, ఇంకా తెలీదంది. యూగెట్‌కి అది చాలు.

"నీ గొంతులోనే తెలుస్తోందే. మన వైపు ఏమీ లేదని తేలింది, అంతేగా? నేను ముందే చెప్పాను. చర్చిలో అందరికీ అదే చెప్పాను."

తన పుట్టింటి రక్తంలో తప్పుండాలని ఏ ఆడదైనా మొక్కుకుంటుందా? ఫాబియెన్ ఆ ఉదయం కిటికీ పట్టుకుని మొక్కుకుంది. దేవుడా, మా అమ్మ మాట అబద్ధం చెయ్యి. మాలో తప్పుండనీ, మా ఏడు తరాల్లోనూ ఉండనీ, పిల్లాణ్ణి మాత్రం బతకనీ. అలా మొక్కుకుని, తన మొక్కుకి తనే భయపడి, ల్యాబ్‌లోకి వెళ్ళింది.

రొజేర్ ఆమె గురువారం తీసిన జెల్ ఫోటో చూస్తున్నాడు. చీటీ నకళ్ళు ఆ జెల్‌లో గీతలుగా కనబడతాయి. నకళ్ళు ఎంత ఎక్కువుంటే గీత అంత చిక్కగా ఉంటుంది. ఎమిల్ గీత పల్చగా ఉంది. ముక్క చిన్నది కదా, అందుకేనేమోనన్నాడు రొజేర్. ఫాబియెన్ కూడా గురువారం అలాగే అనుకుంది. ఇప్పుడు పక్కనున్న గీత వైపు చూసింది. అది కూడా ఎమిల్‌దే, అదే మెతుకులోంచి వచ్చింది, సరి చూసుకోవడానికి నడిపిన వేరే జన్యువుది. అది చిక్కగా, బలంగా ఉంది.

ముక్క చిన్నదైతే రెండూ పల్చబడాలి కదా.

ఒకే ఒక్క చీటీ, తప్పు లేనిది అని గోబెయ్ అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. తల్లిది మచ్చే అయితే ఆ భాగంలో ఇద్దరి చీటీలూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. అప్పుడు కనబడేది ఇద్దరిదా, ఒక్కరిదా? ఎలా తెలుస్తుంది? ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

చీటీలో అతుకు తప్పు పడితే మూడేసి అక్షరాల లెక్క తప్పి, మధ్యలోనే ఆపమనే గుర్తు వచ్చేస్తుంది. అలాంటి చీటీ కంటబడితే కణం ఊరుకోదు, అక్కడికక్కడే చించేస్తుంది. ఇది ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడూ చదువుకున్నదే. అయినా సరే, కళ్ళ ముందుకొచ్చిన దాన్ని చదివి తీర్పు చెప్పెయ్యడం ల్యాబుల వాళ్ళకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. చించేసిన చీటీ ఎవరి కళ్ళకీ కనబడదు. చిరగని చీటీ ఒక్కటే మిగిలి, అంతా శుభ్రమని వెక్కిరిస్తుంది.

ఆమె గోబెయ్ గదికి దాదాపు పరుగెత్తింది. తండ్రి తప్పు జన్యువుకి ఇంకో కొసన ఉంది, దాన్ని మనం చదవలేదు అంది. అక్కడ తండ్రి తాడులో టీ, తల్లి తాడులో సీ. ఆ చోట చీటీలు చదివితే, ఇద్దరివీ బతికి ఉంటే రెండక్షరాలూ కనబడాలి. టీ ఒక్కటే కనబడిందంటే మనం చూసినవన్నీ యానిక్ చీటీలే, మారిలూవి కణం చించేసింది. గోబెయ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు పిల్లాడి పెద్దమ్మవి. ఆ నియమం ఎందుకు పెట్టారనుకున్నావ్? కావాలనుకునేవాళ్ళకి కావలసిందే కనబడుద్ది."

"నేను చదవనండి. ఏ గొట్టంలో ఏముందో చెప్పకుండా రొజేర్ బావకిస్తాను. తనే చదువుతాడు."

"అతనూ బంధువేగా."

"బంధువు కానివాడు కావాలంటే ధ్రువపు ఎలుగుబంటిని పిలవాలండి."

గోబెయ్ నవ్వలేదు. మిగిలిన చుక్క మాటేమిటని అడిగాడు. గురువారం పొదుపు కోసం ఆ కాస్త భాగానికే నకలు తీశారు కాబట్టి ఇంకో కొస చదవాలంటే మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ కావాలి. మొత్తం చుక్క ఖర్చవుతుంది.

"నీ ఊహ తప్పైతే మాంట్రియల్ వాళ్ళు వెతకడానికి ఇంకేం మిగలదు. పిల్లాడికి ఆ దారి కూడా మూసేసేది నువ్వే అవుతావ్. అప్పుడు మీ చెల్లెలికి నేను చెప్పను ఫాబియెన్, నువ్వే చెప్పుకోవాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు పల్చటి గీత, చిక్కటి గీత కళ్ళ ముందు పక్కపక్కన నిలబడ్డాయి. అంతకు మించి చేతిలో ఆధారం ఏమీ లేదు.

"వాడేస్తానండి," అంది.

గోబెయ్ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి తన చేతిలో ఏది ఉంటే అదే చెబుతానని, ఒక్క నిమిషం కూడా ఆగనని చెప్పి అద్దాలు పెట్టుకున్నాడు.

ఆర్‌ఎన్‌ఏ ఎంత సుకుమారమో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. డీఎన్‌ఏ ఎముకల్లో వేల ఏళ్ళు పడున్నా బతుకుతుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. మన వేళ్ళ మీద, చెమటలో, ఉమ్మిలో, కన్నీళ్ళలో దాన్ని కొరికి పారేసే ఎంజైములుంటాయి. ఒక్క వేలు ఉత్తిగా తగిలితే చాలు, చీటీ పొడి పొడి అయిపోతుంది. అందుకే ఆ బల్ల దగ్గర తలుపు గడియ కూడా చేత్తో ముట్టరు, గొట్టం తెరిచి మాట్లాడరు. ఆర్‌ఎన్‌ఏ ముందు ఏడవకూడదని కొత్తగా చేరినవాళ్ళకి రొజేర్ చెబుతూ ఉంటాడు. అందరూ హాస్యం అనుకుంటారు.

ఫాబియెన్ డీప్ ఫ్రీజర్‌లోంచి గొట్టం తీసి మంచులో గుచ్చింది. బల్ల తుడిచింది, గ్లౌజులు మార్చింది, మళ్ళీ మార్చింది. చుక్క కరుగుతోంది. మూత మీద చెయ్యి వేసేలోపు ఫోన్ మోగింది. రొజేర్ తీసి చూసి, మారిలూ అన్నాడు. వద్దని తల ఊపాల్సింది. ఊపలేకపోయింది. అతను ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

మారిలూ అరవలేదు, ఏడవలేదు. ఎమిల్ ఈ ఉదయం పాలు తాగలేదని చెప్పింది. డాక్టర్లు గది బయట గుసగుసలాడుకుంటున్నారని చెప్పింది.

"అక్కా, నీకు తెలుసు కదా ఏదో. నాకు అబద్ధం చెప్పకు."

"తెలీదే. నిజంగా తెలీదు. సాయంత్రానికి తెలుస్తుంది."

"నా వల్లే అని తేలినా ఫరవాలేదు అక్కా. నా వల్లే అయితే బాగుణ్ణు."

ఫాబియెన్ కళ్ళు నిండిపోయాయి. రొజేర్ ఫోన్ కట్టేసి, ఆమె భుజం పట్టుకుని బల్ల దగ్గర్నుంచి ఒక్క లాగు లాగాడు. అంత మొరటుగా అతను ఎప్పుడూ ఎవరినీ లాగలేదు.

"ఇక్కడ కాదే పిల్లా. బయటికెళ్ళి ఏడు. మొహం కడుక్కుని రా. చుక్క మంచులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

ఆమె బయటికెళ్ళి కరువుదీరా ఏడ్చింది. మొహం కడుక్కుని, చేతులు కడుక్కుని, కొత్త కోటు, కొత్త గ్లౌజులు, ముక్కుకి, నోటికి గుడ్డ, కళ్ళకి అద్దాలు పెట్టుకుని వచ్చింది. రొజేర్ తన పొట్టు రాలే చేతులు జేబుల్లో పెట్టుకుని తలుపు అవతలే నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు.

మూత తెరిచింది. పిపెట్ కొన చుక్కలోకి దింపింది. చేతులకు వాటి పని వాటికి తెలుసు. చుక్క మొత్తం కొత్త గొట్టంలోకి వెళ్ళింది. ఆర్‌ఎన్‌ఏ చూసి మళ్ళీ డీఎన్‌ఏ రాసే ఎంజైము కలిపి మూత వేసింది. పాత గొట్టం ఖాళీ. ఇక తాడో పేడో.

తర్వాత అంతా యంత్రాల పని, ఎదురుచూపుల పని. ఎంజైము ఒంటి పేట చీటీకి జత అక్షరాలు పేర్చాలి. ఆ నకలు వేడెక్కి, చల్లబడి, మళ్ళీ వేడెక్కి లక్షలయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాత చదివే యంత్రంలోకి ఎక్కించాలి. పక్క గొట్టంలో ఎమిల్ రక్తంలోని డీఎన్‌ఏ కూడా అదే చోటు చదవడానికి పెట్టింది. అందులో రెండక్షరాలూ తప్పకుండా రావాలి, రాకపోతే పరీక్షే తప్పని అర్థం. ఇంకో గొట్టంలో ఉత్త నీళ్ళు. మూడింటి మీదా తనకే తెలిసిన గుర్తులు పెట్టింది. ఎవరో జున్నుముక్కల పొట్లం తెచ్చి ముందు పెడితే ముట్టలేదు. తల్లి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు.

తన ఊహ తప్పేమోనన్న అనుమానం అప్పుడు మొదలైంది. గీత పల్చబడటానికి వంద కారణాలుంటాయి. సగం జన్యువులు ఉన్నట్టుండి అలిగి తక్కువ చీటీలు రాస్తాయి. తను చూసింది ఆధారమా, ఆశా? గోబెయ్ అన్న మాట నిజమేనేమో. కావాలనుకుంది కాబట్టే కనబడిందేమో. అయితే ఎమిల్‌కి ఉన్న ఆ ఒక్క చుక్క తను పారబోసింది. చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆమె ఆ మాటలు మనసులో కూర్చుకుని చూసింది. ఒక్కటీ నోట పలకదగ్గదిగా లేదు.

యంత్రం పని ముగించేసరికి గోబెయ్ ఫోన్ పక్కన కూర్చునే ఉన్నాడు, ఫాబియెన్, రొజేర్ ఆయన గదిలోకే తెర తీసుకొచ్చారు. ఫాబియెన్ గోడ వైపు తిరిగి నిలబడింది. చదవనని మాటిచ్చింది కాబట్టి చూడటం కూడా తప్పే అనిపించింది. రొజేర్ అద్దాలు నుదుటి మీదికి తోసుకుని తెర దగ్గరికి వంగాడు. తెర మీద ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు: సీ నీలం, టీ ఎరుపు. మొదటి గొట్టంలో ఏమీ లేదు, అది నీళ్ళయి ఉంటుందన్నాడు. రెండోది తీశాడు.

"ఆ చోట నీలం, ఎరుపు, రెండూ ఉన్నాయి. సరిసమానంగా."

ఇది రక్తంలోని డీఎన్‌ఏ అయ్యుండాలి. అది కాక చీటీ గొట్టమే అయితే, అంతా అయిపోయినట్టే. ఏ గుర్తు దేనిదో ఆమె ఒక్కదానికే తెలుసు. రొజేర్ గుర్తు ఇంకా చదవలేదు. ఆమె అడగలేదు.

మూడోది తెరవడానికి రొజేర్ చాలాసేపు తీసుకున్నట్టు అనిపించింది. అతను గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"ఎరుపు," అన్నాడు. "ఎరుపొక్కటే. అడుగున నీలం ఉందా లేదా అన్నట్టుంది, అంతే. ఇది మా వాళ్ళ టీయే."

గోబెయ్ లేచి వచ్చి తెర మీదికి వంగి, తన వేలితో ఆ చోటు తడిమి చూశాడు. గొట్టం మీది గుర్తేమిటో చెప్పమన్నాడు. రొజేర్ చెప్పాడు. ఫాబియెన్ గోడకేసి చూస్తూనే, అది చీటీల గొట్టమని అంది. నీలం ఆ కాస్తయినా ఎందుకుందని గోబెయ్ తనను తనే ప్రశ్నించుకుని, చించగా మిగిలిన పీలికలు అని తనే జవాబు చెప్పుకున్నాడు. యానిక్ చీటీ తప్పుది, అది ప్రొటీన్ చెయ్యలేదు. మారిలూ చీటీ అసలు బతికే లేదు. పిల్లవాడి కాలేయానికి చదువుకోవడానికి పనికొచ్చే చీటీ ఒక్కటీ లేదు. జబ్బు అదే. అదొక్కటే.

ఆయన ఫోనెత్తాడు. అవతలి వాళ్ళతో, ఉదయం ఈ ఫలితాన్ని నేను తప్పు చదివాను, సరైనది ఇప్పుడు చెబుతున్నాను అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటకి ఫాబియెన్ ఆయన్ని బతికినన్నాళ్ళూ గౌరవించింది. ఫోన్ పెట్టేసి, ఆమెను కూర్చోమనలేదు. నిలబెట్టే చెప్పాడు.

"పేరు ఎక్కించారు. అందరికంటే పైన."

సాయంత్రం ఫాబియెన్ లా బే ఊళ్ళో తల్లి ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్ళింది. మారిలూతో అప్పటికే మాట్లాడింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో మాటలు లేకుండా ఏడ్చారు. తల్లికి మాత్రం ఎదురుగా చెప్పాలనుకుంది. ఎంత వాగినా తల్లి తల్లే. పైగా, ఊరంతా టముకు వేసిన మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి మామూలు కష్టం కాదు. అరుస్తుందని, ల్యాబ్ వాళ్ళకి చేతకాదంటుందని, సరస్సు వాళ్ళ కుట్ర అంటుందని దారి పొడవునా సిద్ధపడుతూ వెళ్ళింది.

యూగెట్ పొయ్యి మీద చిక్కుడు గింజల సూపు కలుపుతోంది. ముందు పిల్లవాడి గురించి అడిగింది. కాలేయం దొరకగానే పెడతారని విని గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత గరిట ఆపకుండానే, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అయితే మన వైపు నుంచి కూడా వచ్చిందన్నమాట."

"అవునమ్మా. మారిలూలో ఉంది. నీ నుంచో నాన్న నుంచో వచ్చుంటుంది. నాలోనూ ఉండొచ్చు."

యూగెట్ అరవలేదు. గరిట తిరుగుతూనే ఉంది. ఫాబియెన్‌కి ముందు ఆ ఇంట్లో ఒక మగపిల్లవాడు పుట్టి పోయాడు. లూక్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆడపిల్లలిద్దరికీ చిన్నాయనమ్మ ద్వారా తెలుసు. తల్లి నోట ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఫాబియెన్ మొదటిసారి వింది, అది కూడా పొయ్యితో మాట్లాడుతున్నట్టు.

"వాడి కళ్ళు కూడా ఇలాగే పచ్చబడ్డాయి. పొట్ట ఇంతయింది. అప్పట్లో పరీక్షలెక్కడివి. నీ పాలు పడలేదమ్మా అన్నాడు ఆ ముసలి డాక్టరు. మానేసి పోతపాలు పట్టమన్నాడు. నేను మానలేదు. పసివాడు ఏడుస్తుంటే నా వల్ల కాలేదు, రాత్రిళ్ళు దొంగతనంగా ఇచ్చాను."

సూపు పొంగుతోంది. ఆవిడ చూడటం లేదు.

"అయితే నా పాల వల్ల కాదా?"

పొద్దున్నుంచీ ఫాబియెన్ ఆధారం లేకుండా ఒక్క మాట మాట్లాడలేదు. తెలీదు, తెలుస్తుంది, చూడాలి అంటూనే గడిపింది. లూక్‌కి ఇదే జబ్బని చెప్పాలంటే తండ్రి నుంచి కూడా ఒక తప్పు వచ్చి ఉండాలి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లవాడిది పరీక్షించడానికి వెంట్రుక కూడా ఎక్కడా మిగల్లేదు. ఇలాంటి మాట గోబెయ్ ముందు అంటే ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెడతాడు.

"కాదమ్మా," అంది. "పాల వల్ల కాదు."

యూగెట్ తల ఊపింది. మళ్ళీ ఊపింది. గరిట గిన్నెలోనే వదిలేసి, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది.